స్పిన్‌ని ఎవరూ కొలవరు, ఎలక్ట్రాన్ దూకిందా లేదా అని చూస్తారు

స్పిన్ క్యూబిట్ల (ఎలక్ట్రాన్‌కుండే స్పిన్ అనే చిన్న అయస్కాంత గుణాన్ని బిట్‌గా వాడుకునే క్వాంటం కంప్యూటర్ ముక్కల) గురించి చదివేవాళ్ళలో చాలామంది ఊహ ఎలా ఉంటుందంటే, చిప్ మీద ఎక్కడో ఒక పరికరం ఉంటుంది, అది ఎలక్ట్రాన్ స్పిన్ పైకి ఉందా కిందికి ఉందా అని నేరుగా చూసి చెప్పేస్తుంది. సెమీకండక్టర్ క్వాంటం డాట్ల (ఒకటి రెండు ఎలక్ట్రాన్లని పట్టి ఉంచే చిన్న గుంటల) చిప్పుల్లో అలాంటిదేమీ ఉండదు. అక్కడ చూసేది ఎలక్ట్రాన్ డాట్‌లో ఉందా, బయటికి పోయిందా, పోతే ఎప్పుడు పోయింది అన్నది మాత్రమే. స్పిన్ సంగతి ఆ రాకపోకల్లోంచి మనం లాగాలి. అందుకే ఈ రంగంలో ఎవరు కొత్త చిప్‌ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచినా, క్యూబిట్ అనే మాట ఎత్తకముందు చాలాకాలం చేసే పని టన్నెలింగ్ రేట్లు (దాటే శక్తి లేకపోయినా ఎలక్ట్రాన్ గోడలోంచి సెకనుకి ఎన్నిసార్లు అవతలికి పోతుందో) కొలవడం, గేట్ వోల్టేజీలు సరిచేయడం, మళ్ళీ కొలవడం. పేపర్లలో దానికి చివర్లో ఒక పేరా దక్కుతుంది. నాకు మాత్రం అసలు సరుకంతా అక్కడే ఉందనిపిస్తుంది.

మా థర్డ్ ఇయర్ క్లాసులో ఒకమ్మాయి అడిగిన ప్రశ్న దీన్నంతా కదిలించింది. "మేడమ్, స్పిన్ అంటే చిన్న అయస్కాంతమే కదా, పక్కన మాగ్నెటోమీటర్ పెడితే సరిపోదా?" అంది. మంచి ప్రశ్న, లెక్క వేసి చూడాల్సిన ప్రశ్న. ఒక ఎలక్ట్రాన్ స్పిన్ నుంచి 100 నానోమీటర్ల దూరంలో దాని అయస్కాంత క్షేత్రం ఎంతుంటుందని బోర్డు మీద వేస్తే దాదాపు 2 నానోటెస్లాలు వచ్చింది. మన బెజవాడలో భూమి అయస్కాంత క్షేత్రమే సుమారు 40 వేల నానోటెస్లాలు. పైగా స్పిన్ క్యూబిట్ పనిచేయాలంటే చిప్‌కి బయటినుంచి టెస్లా స్థాయిలో క్షేత్రం పెడతారు, దాని మధ్యలో ఈ 2 నానోటెస్లాలని, అదీ కొన్ని మైక్రోసెకన్లలో, పట్టుకోవాలి. ఇప్పుడు అదే ఎలక్ట్రాన్ చార్జ్ సంగతి చూడండి. సిలికాన్‌లో అదే 100 నానోమీటర్ల దూరంలో అది కలిగించే పొటెన్షియల్ ఒక మిల్లీవోల్ట్ కంటే ఎక్కువ. చుట్టూ ఉన్న లోహపు గేట్లు అందులో కొంత మింగేస్తాయి, అయినా మిగిలింది చాలు. మిల్లీవోల్ట్ అంటే మా సెకండ్ ఇయర్ పిల్లలు కూడా ఆసిలోస్కోప్ మీద చూసేది! చార్జ్‌ని చూడటం సులువు, స్పిన్‌ని చూడటం నరకం. కాబట్టి స్పిన్‌ని చార్జ్‌గా మార్చుకుని చూస్తారు.

ఇక్కడ ఒక పిడకల వేట. ఈమధ్య ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా క్వాంటం గురించే అడుగుతున్నారు. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రం పెడతామని ప్రకటించినప్పటినుంచీ ఇదే వరస. మా బాబాయ్ అయితే, "ఏమ్మా, నది అవతల పెట్టేది నువ్వు క్లాసులో చెప్పేదేనా?" అని అడిగాడు. కాదు బాబాయ్, అది వేరే జాతి. హెరాన్ సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లది. అందులోనూ టన్నెలింగ్ ఉంది, కానీ అక్కడ అల్యూమినియం ఆక్సైడ్ పొరలోంచి దాటేది ఎలక్ట్రాన్ల జంటలు. 2025లో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది ఆ దారిలో చేసిన పనికే. నేను చెప్పేది సిలికాన్‌లో ఒంటరి ఎలక్ట్రాన్ గురించి. ఇంత చెప్పాక బాబాయ్ "సరే, భోజనానికి రా" అన్నాడు.

డాట్ అంటే ఏమిటో తొందరగా చెప్పేస్తాను. సిలికాన్, సిలికాన్ జెర్మేనియం పొరలు పేర్చితే మధ్యలో ఒక పలుచని చోట ఎలక్ట్రాన్లు నిలుస్తాయి. పైన కొన్ని పదుల నానోమీటర్ల వెడల్పున్న లోహపు గేట్లు. వాటి వోల్టేజీలతో కింద గుంటలు, గోడలు చేస్తారు. గుంట లోతుని ప్లంజర్ గేట్, పక్క గోడ ఎత్తుని బారియర్ గేట్ చూసుకుంటాయి. ఆ గుంట చాలా చిన్నది కాబట్టి దాని కెపాసిటెన్స్ చాలా తక్కువ. 80 ఆటోఫారడ్లు అనుకుంటే, ఇంకో ఎలక్ట్రాన్‌ని లోపలికి తోయాలంటే 2 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కావాలి, దీన్నే చార్జింగ్ శక్తి అంటారు. మే నెలలో బెజవాడ 45 డిగ్రీల్లో ఉష్ణ శక్తి 27 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు, అంటే గోడ ఉన్నట్టే ఎలక్ట్రాన్‌కి తెలియదు. ద్రవ హీలియంలో, 4.2 కెల్విన్ దగ్గర, అది 0.36కి దిగుతుంది. డైల్యూషన్ ఫ్రిజ్‌లో 100 మిల్లీకెల్విన్ దగ్గర 0.0086. అప్పుడు ఎలక్ట్రాన్లని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు గోడ సంగతి. 1998లో డేనియల్ లాస్, డేవిడ్ డివిన్సెంజో డాట్లలో స్పిన్‌లతో క్వాంటం కంప్యూటర్ కట్టొచ్చని ప్రతిపాదించినప్పుడు అందులో గుండెకాయ ఈ గోడే. రెండు డాట్ల మధ్య గోడని కాసేపు తగ్గించి మళ్ళీ పెంచితే రెండు స్పిన్‌లు ఒకదాన్నొకటి మార్చుకుంటాయి, అదే రెండు క్యూబిట్ల గేట్. చెప్పడానికి ఇంతే. కానీ టన్నెలింగ్ గోడ మీద ఘాతాంకంగా ఆధారపడుతుంది, తలనొప్పంతా ఆ ఒక్క ముక్కలోంచే వస్తుంది. క్లాసులో వేసిన లెక్క: ఒక మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్ ఎత్తు, 50 నానోమీటర్ల మందం ఉన్న గోడ. గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి (ఆ పదార్థంలో కదిలేటప్పుడు దానికి ఉన్నట్టు కనబడే ద్రవ్యరాశి) మామూలు ఎలక్ట్రాన్‌లో 0.067 వంతు, సిలికాన్‌లో గోడ వెంట 0.19 వంతు. మొదటిదాంట్లో దాటే అవకాశం దాదాపు 66లో ఒకటి, రెండోదాంట్లో 1150లో ఒకటి. ద్రవ్యరాశి మూడు రెట్లు కూడా పెరగలేదు, అవకాశం 17 రెట్లు తగ్గింది. సిలికాన్‌లో గేట్లు ఇంకా దగ్గరగా, ఇంకా చిన్నగా గీయాల్సి రావడానికి కారణం ఇదే. తొలి పదేళ్ళు ఈ రంగమంతా గాలియం ఆర్సెనైడ్‌లోనే గడిచిపోవడానికి ఒక పెద్ద కారణం కూడా ఇదే అని నా ఉద్దేశం.

ఇదే కారణంతో బారియర్ గేట్‌ని కొన్ని పదుల మిల్లీవోల్టులు కదిపితే రేటు పది రెట్లు మారిపోతుంది. డిజైన్‌లో గీసినది ఒకటి, ఫ్రిజ్‌లో వచ్చేది ఒకటి. ఆక్సైడ్‌లో ఎక్కడో ఇరుక్కున్న ఒక్క చార్జ్ చాలు లెక్క తప్పడానికి. కాబట్టి కొలవక తప్పదు. ఎలా కొలవాలి?

మొదట తట్టేది కరెంట్. డాట్‌కి ఒక పక్కనుంచి ఎలక్ట్రాన్లు వచ్చి రెండో పక్కకి పోతుంటే కరెంట్ చూస్తే చాలు కదా అని. లెక్క చూడండి: ఒక పికోఆంపియర్ అంటే సెకనుకి 62 లక్షల ఎలక్ట్రాన్లు. సెకనుకి వెయ్యి ఎలక్ట్రాన్లు దాటే గోడైతే కరెంట్ ఒక ఫెమ్టోఆంపియర్‌లో ఆరో వంతు. అంత చిన్న కరెంట్‌ని ల్యాబ్‌లో ఉండే మామూలు కరెంట్ యాంప్లిఫయర్ చూడలేదు. పైగా కరెంట్ సగటు మాత్రమే చెబుతుంది. గుంటూరు వెళ్ళే దారిలో కాజ టోల్ గేట్ ఉంది కదా, రోజు చివర వసూలైన మొత్తం చూస్తే ఎన్ని బళ్ళు పోయాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది, కానీ ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఆగింది, రెండు బళ్ళ మధ్య ఎంత ఖాళీ ఉంది, ఇవేవీ తెలియవు. పక్కన ఒకడు కుర్చీ వేసుకుని ప్రతి బండికీ టైమ్ రాసుకుంటే ఆ కాగితంలో చాలా ఎక్కువ సమాచారం ఉంటుంది. మనకి కావలసింది ఆ కుర్చీ మనిషి.

ఆ మనిషే చార్జ్ సెన్సర్. డాట్ పక్కనే ఇంకో చిన్న కరెంట్ దారి ఉంటుంది, డాట్‌కి దానికీ మధ్య ఎలక్ట్రాన్లు మారవు, కేవలం కెపాసిటెన్స్ ద్వారా ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలుస్తుంది. 1993లో కేంబ్రిడ్జ్‌లో ఒక సన్నని ఇరుకు దారిని ఇలా వాడి పక్క డాట్‌లో ఎలక్ట్రాన్లు మారడం చూశారు. ఈరోజుల్లో ఎక్కువగా వాడేది సింగిల్ ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్. దాన్ని 1987లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫుల్టన్, డోలన్ చేసి చూపించారు. దాని కరెంట్ గేట్ వోల్టేజీతో పదునైన శిఖరాలుగా పెరిగి తగ్గుతుంది. ఒక శిఖరం వాలు మీద సెన్సర్‌ని నిలబెడితే, పక్క డాట్‌లోంచి ఒక్క ఎలక్ట్రాన్ పోయినా కరెంట్ టక్కున వేరే విలువకి మారుతుంది. ఇంకా వేగం కావాలంటే 1998లో షోల్‌కాఫ్ బృందం చూపించినట్టు రేడియో ఫ్రీక్వెన్సీ సిగ్నల్ పంపి, వెనక్కి వచ్చేదాన్ని చూస్తారు.

అలా వచ్చే ట్రేస్ చూడటం నాకు ఎప్పటికీ విసుగు పుట్టని పని. టైమ్ ఒక అక్షం, కరెంట్ ఒక అక్షం. కరెంట్ రెండు మెట్ల మధ్య ఊగుతూ ఉంటుంది, ఒక మెట్టు మీద ఉంటే ఎలక్ట్రాన్ లోపల, ఇంకో మెట్టు మీద ఉంటే బయట. రాండమ్ టెలిగ్రాఫ్ సిగ్నల్ అంటారు. లోపల ఉన్న వ్యవధులన్నీ ఏరి సగటు తీసి, దాన్ని తిరగేస్తే బయటికి పోయే రేటు వస్తుంది. బయట ఉన్న వ్యవధుల సగటుని తిరగేస్తే లోపలికి వచ్చే రేటు. రాకపోకలు దేనికది స్వతంత్రంగా జరిగితే వ్యవధుల హిస్టోగ్రామ్ ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గాలి, అంటే లాగ్ స్కేల్ మీద సరళరేఖ. వంగిందంటే రెండు విషయాల్లో ఒకటి: డాట్‌లో రెండు వేర్వేరు స్థితులనుంచి ఎలక్ట్రాన్ వేర్వేరు రేట్లతో పోతోంది, లేదా పక్కన ఎక్కడో ఇంకో ట్రాప్ (ఎలక్ట్రాన్ ఇరుక్కునే లోపం) అల్లరి చేస్తోంది. మొదటిదైతే పండగ, రెండోదైతే ఆ చోటు వదిలేసి వేరే వోల్టేజీకి పోవాలి.

2006లో జ్యూరిచ్ ఈటీహెచ్‌లో గుస్తావ్‌సన్ బృందం ఈ లెక్కని ఇంకా ముందుకి తీసుకెళ్ళింది. నిర్ణీత సమయంలో ఎన్ని ఎలక్ట్రాన్లు దాటాయో మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టి, సగటే కాకుండా ఆ సంఖ్య ఎంత చెదురుతుందో చూశారు. రాకకీ పోకకీ రేట్లు సమానమైనప్పుడు ఆ చెదురు, పూర్తిగా యాదృచ్ఛికంగా వచ్చేవాటితో పోలిస్తే సగానికి పడిపోతుంది. ఎందుకంటే డాట్‌లో ఒకటి ఉండగా రెండోది రాలేదు, కాబట్టి గుంపులుగా రావడం కుదరదు. ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి దారి ఇవ్వాల్సి రావడం అంకెల్లో కనబడుతుంది.

కానీ ట్రేస్‌లోంచి అంకె తీయడం కనిపించినంత తేలిక కాదు. రెండు మెట్ల మధ్య ఒక్క గీత గీసి, పైన ఉంటే ఒకటి కింద ఉంటే సున్నా అని రాస్తే, నాయిస్ ఆ గీత దగ్గర వణికినప్పుడల్లా అబద్ధపు రాకపోకలు వందలకొద్దీ పుట్టుకొస్తాయి. అందుకని రెండు గీతలు పెడతారు: పైకి ఎక్కిందని ఒప్పుకోవాలంటే పై గీత దాటాలి, దిగిందని ఒప్పుకోవాలంటే కింది గీత దాటాలి. ఎలక్ట్రానిక్స్ పిల్లలకి ఇది ష్మిట్ ట్రిగ్గరే, కొత్తగా నేర్పాల్సింది లేదు. ఎన్ని సంఘటనలు కావాలి అంటే, నూరు ఉంటే రేటులో పది శాతం అనిశ్చితి, పదివేలు ఉంటే ఒక శాతం. కాబట్టి సెకనుకి ఒకసారి దూకే డాట్‌ని ఒక శాతం కచ్చితత్వంతో కొలవాలంటే పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అవుతుంది, ఈలోగా డాటే పక్కకి జరిగిపోతుంది.

ఇంకో పెద్ద బెడద బ్యాండ్‌విడ్త్. సెన్సర్ లైన్ బ్యాండ్‌విడ్త్ 10 కిలోహెర్ట్జ్ అయితే సుమారు 35 మైక్రోసెకన్ల కంటే చిన్న రాకపోకలు కనబడవు. "పోతే పోనీండి మేడమ్, కొన్నే కదా" అంటారు పిల్లలు. కొన్ని పోవడం కాదు సమస్య. ఎలక్ట్రాన్ బయటికి పోయి పది మైక్రోసెకన్లలో తిరిగొచ్చింది అనుకోండి. ఆ చిన్న "బయట" కనబడలేదు, సరే. దానికి ముందూ వెనకా ఉన్న రెండు "లోపల" వ్యవధులు అతుక్కుపోయి ఒక పొడవాటి వ్యవధి అయిపోయాయి. అంటే ఒక మెట్టులో జరిగిన నష్టం రెండో మెట్టు అంకెని పాడుచేసింది, రెండు రేట్లూ అసలుకంటే తక్కువగా కనబడతాయి. 2006లో నామన్, ఆమెంటాడో దీనికి సరిదిద్దే పద్ధతి ఇచ్చారు: డిటెక్టర్‌ని కూడా ఒక రేటున్న యాదృచ్ఛిక ప్రక్రియగా తీసుకుని, నాలుగు స్థితుల మోడల్ రాసి, కనబడ్డ రేట్లలోంచి అసలు రేట్లు వెనక్కి లెక్కకట్టడం. ఈ ఒక్క సవరణ చేయకుండా వేగం పెరిగే కొద్దీ రేటు ఒకచోట ఆగిపోయింది అని గ్రాఫ్ చూపిస్తే నేను నమ్మను. అక్కడ ఆగింది డాట్ కాదు, యాంప్లిఫయర్.

కరెంటు హమ్ సంగతి వేరే చెప్పాలా! 50 హెర్ట్జ్ ఏదో ఒక గ్రౌండ్ లూప్‌లోంచి ప్లంజర్ గేట్‌కి చేరిందంటే డాట్ శక్తి స్థాయి సెకనుకి 50 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది, దాంతో వచ్చే రేటు, పోయే రేటు రెండూ ఊగుతాయి, హిస్టోగ్రామ్ వంగుతుంది, మనం ఏదో కొత్త ఫిజిక్స్ దొరికిందని గెంతులేస్తాం. ట్రేస్‌కి ఫూరియే తీస్తే, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో విడదీసి చూస్తే, తెలిసిపోతుంది. నిజమైన టెలిగ్రాఫ్ సిగ్నల్‌కి శిఖరం ఉండదు, నున్నగా పడిపోయే లొరెంజియన్ అనే వక్రం ఉంటుంది. 50, 150 దగ్గర ముళ్ళు లేచాయంటే ముందు కేబుల్స్ చూసుకోవాలి. ఒకటిన్నర హెర్ట్జ్ చుట్టుపక్కల ముల్లు ఉంటే అది ఫ్రిజ్‌ని చల్లబరిచే పల్స్ ట్యూబ్ కొట్టుకోవడం. సెన్సర్ కూడా అమాయకురాలేమీ కాదు, దానిలో కరెంట్ మరీ పెంచితే అది చిమ్మే శక్తికి డాట్‌లో ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగిరి, మనం చూసే రేటే మారిపోతుంది.

ఇదే కొలత ఇంకో అంకెని ఉచితంగా ఇస్తుంది. ప్లంజర్ వోల్టేజీని మెల్లగా మారుస్తూ ఎలక్ట్రాన్ ఎంత భాగం సమయం లోపల ఉందో గీస్తే ఎస్ ఆకారంలో ఫెర్మీ వక్రం వస్తుంది, దాని వెడల్పు ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత. ఫ్రిజ్ మీద థర్మామీటర్ 10 మిల్లీకెల్విన్ అని మురిపిస్తున్నా, చిప్‌లో ఎలక్ట్రాన్లు 50, 100 దగ్గర ఉండటం మామూలే. అయితే వక్రం వెడల్పు మిల్లీవోల్టుల్లో వస్తుంది, దాన్ని శక్తిలోకి మార్చాలంటే గేట్‌లో ఒక మిల్లీవోల్ట్ డాట్‌లో ఎంత అవుతుందో తెలియాలి, దాన్నే లీవర్ ఆర్మ్ అంటారు. దాన్ని తెలుసుకోవడానికి నాకు బాగా నచ్చిన దారి ఫ్రిజ్‌ని కావాలని వేడిచేయడం. వెడల్పు ఉష్ణోగ్రతతో సరళరేఖగా పెరుగుతుంది, ఆ వాలులోంచి లీవర్ ఆర్మ్ వస్తుంది.

రేటు పెరిగేకొద్దీ ఒక్కో ఎలక్ట్రాన్‌ని చూడటం మానేసి వేరే దారులు పట్టాలి. కిలోహెర్ట్జ్ నుంచి మెగాహెర్ట్జ్ దాకా ప్లంజర్ మీద చతురస్ర పల్స్ వేసి, వేలసార్లు సగటు తీస్తే, సెన్సర్ సిగ్నల్ ఎంత సమయంలో సర్దుకుంటుందో కనబడుతుంది, దానిలోంచి రేటు. ఇంకా వేగం పెరిగి గిగాహెర్ట్జ్ దాటితే, ఎలక్ట్రాన్ ఏ వోల్టేజీ దగ్గర మారుతుందో చూపే ట్రాన్సిషన్ గీతే వెడల్పవుతుంది. 100 మిల్లీకెల్విన్ ఉష్ణ శక్తి అంటే ఫ్రీక్వెన్సీలో దాదాపు 2 గిగాహెర్ట్జ్, దానికి మించిన రేటైతే గీత వెడల్పుని నిర్ణయించేది వేడి కాదు, గోడ. రెండు డాట్ల మధ్య గోడకి కథ ఇంకొంచెం వేరు. అక్కడ ఎలక్ట్రాన్ దూకదు, రెండు చోట్లా పరుచుకుని ఉంటుంది. ఎడమనుంచి కుడికి మారే గీత ఎంత నున్నగా మారుతుందో చూసి ఆ బంధం బలాన్ని తీసే పద్ధతి 2004లో హార్వర్డ్‌లో డికార్లో బృందం చూపించింది. ఉష్ణ శక్తి కంటే బంధం బలహీనమైతే అది పనిచేయదు, అప్పుడు మైక్రోవేవ్ కొట్టి, ఫోటాన్ శక్తి స్థాయిల తేడాకి సరిగ్గా సరిపోయినప్పుడు ఎలక్ట్రాన్ మారడం చూడాలి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఓస్టర్‌క్యాంప్ తదితరులు 1998లో చేసింది ఈ తరహాదే.

ఇప్పుడు స్పిన్‌కి వద్దాం. 2004లో డెల్ఫ్ట్‌లోనే ఎల్జర్‌మన్ బృందం చేసిన ప్రయోగం. అయస్కాంత క్షేత్రంలో రెండు స్పిన్‌ల శక్తి వేరవుతుంది. సిలికాన్‌లో ఒక టెస్లాకి 116 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు, 100 మిల్లీకెల్విన్ ఉష్ణ శక్తికి పదమూడు రెట్లు. పక్కనున్న ఎలక్ట్రాన్ల మడుగు మట్టాన్ని సరిగ్గా ఆ రెండు స్థాయిల మధ్యకి తెస్తే, ఎక్కువ శక్తి ఉన్న స్పిన్ అయితే ఎలక్ట్రాన్ బయటికి దూకుతుంది, కాసేపటికి తక్కువ శక్తి స్పిన్‌తో ఇంకోటి లోపలికి వస్తుంది. తక్కువ శక్తిదైతే ఏమీ జరగదు. ట్రేస్‌లో చిన్న బుడిపె లేచిందా, ఒక స్పిన్. లేవలేదా, ఇంకో స్పిన్. వాళ్ళకి గాలియం ఆర్సెనైడ్‌లో 8 టెస్లాల దగ్గర స్పిన్ సడలిపోయే సమయం 0.85 మిల్లీసెకన్ల దాకా వచ్చింది, కొలత విజిబిలిటీ (రెండు స్పిన్‌లు ఎంత స్పష్టంగా వేరుగా కనబడ్డాయో) 65 శాతం.

ఆ 65 శాతం వెనక ఉన్నది టన్నెలింగ్ రేటే. బయటికి పోయే రేటు స్పిన్ సడలే రేటు కంటే బాగా ఎక్కువ ఉండాలి, లేకపోతే దూకేలోపే స్పిన్ తిరిగిపోతుంది. తిరిగొచ్చే రేటు సెన్సర్ వేగం కంటే తక్కువ ఉండాలి, లేకపోతే బుడిపె కనబడదు. మిల్లీసెకన్‌కీ కొన్ని పదుల మైక్రోసెకన్లకీ మధ్య ఇరుకు కిటికీ అది. 2010లో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మొరెల్లో బృందం సిలికాన్‌లో ఫాస్ఫరస్ పరమాణువు ఎలక్ట్రాన్‌తో ఇదే చేసినప్పుడు 1.5 టెస్లాల దగ్గర స్పిన్ సుమారు 6 సెకన్లు నిలిచింది, ఫిడెలిటీ (ఎంతవరకు తప్పు లేకుండా జరిగిందో) 90 శాతం దాటింది. స్పిన్ అంతసేపు ఆగితే కిటికీ తలుపంత అవుతుంది మరి.

అదే చిప్‌లో రెండు క్యూబిట్ల గేట్ చేయాలంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. రెండు డాట్ల మధ్య బంధం 10 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు, అంటే 2.4 గిగాహెర్ట్జ్ అనుకోండి, చార్జింగ్ శక్తి పైన చెప్పిన 2 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. రెండు స్పిన్‌లు ఎంత వేగంగా మార్చుకుంటాయో నిర్ణయించే ఎక్స్‌చేంజ్ శక్తి బంధం వర్గానికి నాలుగు రెట్లు, భాగించు చార్జింగ్ శక్తి, వచ్చేది 0.2 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్ట్, దాదాపు 48 మెగాహెర్ట్జ్. రెండు స్పిన్‌లు స్థానాలు మార్చుకోవడానికి సుమారు 10 నానోసెకన్లు. మడుగు వైపు గోడకి కిలోహెర్ట్జ్ కావాలి, పక్క డాట్ వైపు గోడకి గిగాహెర్ట్జ్ కావాలి, రెండిటి మధ్య పది లక్షల రెట్ల తేడా, గేట్లు చూస్తే పక్కపక్కనే, ఒకదాన్ని కదిపితే ఇంకోటి కదులుతుంది. ఆ కదలికల్ని మాట్రిక్స్ వేసి రద్దు చేసుకోవడాన్నే వర్చువల్ గేట్లు అంటారు.

2022 జనవరిలో డెల్ఫ్ట్, రికెన్, న్యూ సౌత్ వేల్స్ మూడు బృందాలూ సిలికాన్‌లో రెండు క్యూబిట్ల ఫిడెలిటీ 99 శాతం దాటించాయని ఒకేసారి పేపర్లు వచ్చినప్పుడు అందరూ ఆ అంకెనే పట్టుకున్నారు. గొప్పే, కాదనను. కానీ ఇంటెల్ 2023లో టన్నెల్ ఫాల్స్ అని 12 డాట్ల చిప్‌ని 300 మిల్లీమీటర్ల వేఫర్ల మీద చేసి ల్యాబులకి ఇచ్చింది, రేపు అది వందలకి పోతే, ఒక్కో గోడకీ మనిషి కూర్చుని పైన చెప్పినదంతా చేయడం కుదరదు. రేట్లు తమంతట తాము కొలుచుకుని, తమంతట తాము సర్దుకునే సాఫ్ట్‌వేర్ కావాలి. నన్నడిగితే మన పిల్లలు వేలుపెట్టదగిన చోటు అదే. దానికి ఫ్రిజ్ అక్కర్లేదు, ట్రేస్‌లు చదవడం వస్తే చాలు.

చదవడం నేర్చుకోవడానికి ఎలాగూ మా కాలేజీలో మిల్లీకెల్విన్ రాదు కాబట్టి వేరే దారి చూశాం. మామూలు చిన్న మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌లోనూ ఆక్సైడ్ ట్రాప్‌లోకి ఒక ఎలక్ట్రాన్ వెళ్ళి వస్తుంటే కరెంట్ ఇలాగే రెండు మెట్ల మధ్య దూకుతుంది, 1984లోనే బెల్ ల్యాబ్స్‌లో రాల్స్ తదితరులు ఇది చూశారు. కెమెరా సెన్సర్‌లో ప్రతి పిక్సెల్‌కీ అలాంటి ట్రాన్సిస్టర్ ఉంటుంది. ఆ అమ్మాయి, అదే మాగ్నెటోమీటర్ ప్రశ్న అడిగిన అమ్మాయి, పెళ్ళి ఫొటోలు తీసే వాళ్ళన్నయ్య కెమెరా తెచ్చింది. లెన్స్ మూత పెట్టి, రా ఫార్మాట్‌లో వరసగా చీకటి ఫొటోలు తీసి, ఒక్కో పిక్సెల్ విలువని వరసగా గీస్తే, లక్షల్లో కొన్ని పిక్సెళ్ళు దూకుతూ కనబడ్డాయి. ఏసీ ఆపి గది వేడెక్కనిస్తే దూకుడు పెరిగింది. డాట్‌కీ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది: ఇక్కడ వేడితో రేటు మారిపోతుంది, చల్లబరిస్తే నిద్రపోతుంది, మిల్లీకెల్విన్ డాట్‌లో గోడలోంచి దాటే రేటు చలికి ఆగిపోదు.

కానీ తను తెచ్చిన హిస్టోగ్రామ్‌లో రెండు గుట్టలు లేవు, మూడున్నాయి, మధ్యది పెద్దది. "రెండు ట్రాప్‌లా మేడమ్?" అంది. రెండు ట్రాప్‌లైతే నాలుగు గుట్టలు రావాలి, రెండిటి ఎత్తూ సమానమైతే తప్ప. నిజానికి ఒకటే ట్రాప్. కెమెరా ప్రతి పిక్సెల్‌నీ రెండుసార్లు చదివి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తుంది, రీసెట్ నాయిస్ పోవడానికి. ఆ రెండు చదువుల మధ్య ఎలక్ట్రాన్ కదలకపోతే తేడా సున్నా, వెళ్తే ఒక పక్క, వస్తే ఇంకో పక్క. గుట్టలు మూడు. పక్క గుట్టలు ఎంత పెద్దవో చూసి, రెండు చదువుల మధ్య సమయం తెలిస్తే, రేటు తీయొచ్చు. ఆ సమయం కంపెనీ వాళ్ళు ఎక్కడా రాయలేదు, కాబట్టి ఇప్పుడు తను దాన్ని కొలిచే మార్గం వెతుకుతోంది, కెమెరా ఎప్పుడిస్తారని వాళ్ళన్నయ్య ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు, శ్రావణంలో ముహూర్తాలున్నాయట.